బిడ్డ చెవికి తగిన వినికిడి యంత్రము

మా పాఠశాలలో మూడవ తరగతి చదువుచుండిన ఒక బాలుడు ఉక్తలేఖనమున "సాగుము" అని చెప్పినచో "ఆగుము" అని వ్రాసెడివాడు. "సంత" అనినచో "అంత" అని వ్రాసెడివాడు. వాని ఇంట తెలుగు, వీధిలో తమిళము, అంగడిలో కన్నడము. ఇన్ని భాషల నడుమ పిల్లవాడు తికమకపడుచున్నాడని మేమును తలంచి, రెండు నెలలపాటు తప్పులను పదేసి మారులు వ్రాయించితిమి. ఒకనాడు వెనుకనుండి పేరుపెట్టి పిలువగా వాడు తల త్రిప్పలేదు. అప్పుడుగాని మాకు కనువిప్పు కలుగలేదు. భాషల తికమకయే అయినచో తన పేరునకైన పలుకవలెను గదా!

సంగతి వినిన తాతగారు తమ వినికిడి యంత్రమును మనుమని చెవికి తగిలించి బడికి పంపిరి. అది ఒక అంగడిలో ఏ పరీక్షయు లేక కొనినది. వాడు గంటకొకసారి దానిని పెరికి జేబులో వేసికొనుచుండెను. మేము మందలించితిమి. "గీ మని చెవి నొచ్చుచున్నది సార్" అని వాడు చెప్పిన మాటయే నిజమని పిదప తెలిసినది.

తాతగారి చెవుడు వేరు, మనుమని చెవుడు వేరు. మన బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. కాని వానిలో బండ తొలిచిన పెద్దల చెవులలో ఆ మోత చేసిన హాని నేటికిని నిలిచియున్నది. మనము మామూలుగా మాటలాడు మాట 60 డెసిబెల్లుల ప్రాంతమున నుండును. బండను తొలుచు డ్రిల్లు మోత 100 దాటును. ఏండ్ల తరబడి దానిని వినినవారికి లోచెవిలోని సున్నితమైన కణములు నశించి, మొదట 4000 హెర్ట్జుల ప్రాంతపు సన్నని ధ్వనులు వినబడకపోవును. కనుకనే మన తాతలు "మాట వినబడుచున్నది, ఏమన్నారో తెలియుట లేదు" అందురు. మా బాలునికి పరీక్ష చేయింపగా రెండు చెవులందును, సన్నని ధ్వనులు బొంగురు ధ్వనులు అను భేదము లేక, సుమారు 45 డెసిబెల్లుల లోపము కనబడినది. సన్నని ధ్వనులనే మిక్కిలిగా పెంచు యంత్రము వానికి బాధయే గాని మేలు చేయదు. మితిమీరిన బలముగల యంత్రము మిగిలియున్న వినికిడిని సైతము చెరుపగలదు.

కావున తలిదండ్రులు యంత్రముల ధరలు విచారించుటకు ముందు బిడ్డను చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపవలెను. గులిమి గట్టిపడినను, నడిమిచెవిలో నీరు చేరినను వినికిడి తగ్గును. వీనికి చికిత్స కలదు, యంత్రముతో పనిలేకపోవచ్చును. చీము కారు చెవిలో వెల్లుల్లి కాచిన నూనె పోయుట మన ఇండ్లలో ఇంకను ఉన్నది. దానిని మానుడు. పిదప ఆడియాలజిస్టు వద్ద 250 మొదలు 8000 హెర్ట్జుల వరకు ఒక్కొక్క ధ్వనిని వినిపించి కొలత తీయింపవలెను. ఆడియోగ్రామను ఆ పటములో ఎఱ్ఱని సున్నలు కుడిచెవికి, నీలపు గుణకార చిహ్నములు ఎడమచెవికి గుర్తులు. దాని ప్రతిని అడిగి తీసికొని ఇంట భద్రపరచుడు. పలుకలేని పసిబిడ్డకును, నిద్రలో నుండగనే, తలకు తీగలంటించి పరీక్షింపవచ్చును. మైసూరులో 1960వ దశకమునుండి అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉన్నది. ఇట్టి పరీక్షలన్నియు అచట జరుగును. మరియొక మాట. మాటలతో చేయు పరీక్షను తెలుగు మాటలతో చేయుమని అడుగుడు. మన బిడ్డ తెలియని కన్నడ పదమును తప్పు పలికినచో అది చెవి దోషమో, భాష దోషమో ఎవరు చెప్పగలరు?

ఇక యంత్రము. పెద్దలు చెవిలోనే దాగునట్టి చిన్నదానిని కోరుదురు. ఎదుగు పిల్లలకు అది తగదు. చెవి వెనుక కూర్చుండి, మెత్తని అచ్చు ద్వారా శబ్దమును లోనికి పంపునదే వారికి మేలు. పిల్ల పెరిగినకొలది అచ్చు మాత్రము మార్చిన చాలును. అచ్చు వదులైనచో యంత్రము ఈలవేయును. అది చెడిపోయినదని పెట్టెలో పడవేసిన తల్లులను మేమెరుగుదుము. రెండు చెవులకును లోపమున్నచో రెండు యంత్రములు కావలెను. చీము మానని చెవికి, ఎముక ద్వారా ధ్వనిని పంపు యంత్రము వేరుగా ఉన్నది. ఎంత బలమైన యంత్రముతోను మాట అందని పసివారికి కాక్లియర్ ఇంప్లాంటు అను శస్త్రచికిత్స కలదు. దానికి ఆలస్యము పనికిరాదు. ఆదాయము తక్కువైన కుటుంబములకు కేంద్ర ప్రభుత్వము 1981 నుండి ఏ.డి.ఐ.పి. పథకము క్రింద ఇట్టి సాధనములను ఇచ్చుచున్నది. ఉచితముగా వచ్చినదైనను బిడ్డ కొలతకు సరిచేయించియే తగిలింపవలెను.

బ్యాటరీలు చిన్న బిళ్లలవలె నుండును. పసివారు మ్రింగినచో ప్రాణాపాయము. వాని పైనున్న కాగితమును ఊడదీసినది మొదలు, వాడినను వాడకున్నను, ఖర్చగుచునే యుండును. స్నానమునకు ముందు యంత్రమును తీయవలెను. రాత్రి తేమ పీల్చు గుళికలున్న డబ్బాలో ఉంచవలెను.

యంత్రము పనిచేయుచున్నదా అని ప్రతి ఉదయము చూచుటకు డేనియల్ లింగ్ అను బధిర విద్యావేత్త ఏర్పరచిన ఆరు ధ్వనులు కలవు: ఆ, ఊ, ఈ, మ్, శ్, స్. తల్లి బిడ్డ వెనుక నిలిచి, ఒక్కొక్కటి మామూలు గొంతుతో పలుకవలెను. బిడ్డ తిరిగి పలుకవలెను. నిన్న "స్" పలికిన బిడ్డ నేడు పలుకనిచో బ్యాటరీనో, అచ్చునో, చెవినో చూడవలసియున్నది. దీనికి రెండు నిమిషములు చాలును, కాసు ఖర్చు లేదు.

ఆ బాలుడిప్పుడు ఐదవ తరగతి. ముందు బల్లపై కూర్చుండును. యంత్రమునకు దగ్గరి మాటయే బాగుగా అందును గనుక ఆ చోటు వానికి విడిచితిమి. "సాగుము" సరిగానే వ్రాయుచున్నాడు. ఒత్తులలో తప్పులున్నవి, అవి తరగతి అంతటికిని ఉన్నవే. తాతగారును నిరుడు కొలత తీయించుకొని తమకు తగిన యంత్రము పెట్టించుకొనిరి. రెండు డబ్బాలు తారుమారు కాకుండ అవ్వగారు మనుమని డబ్బాకు ఎఱ్ఱదారము కట్టియున్నారు.