ఒడ్డునెక్కిన పడవ

ద్రాక్షారామము గోదావరి తూర్పు డెల్టాలోని ప్రాచీన క్షేత్రము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన తరువాత, ఈ సీమ కాలువలు పొలములకు నీరిచ్చుటయే కాక పడవలకు బాటలును అయినవి. రోడ్లు, లారీలు పెరుగువరకు ధాన్యమును, కొబ్బరికాయలను, యాత్రికులను పడవలే చేరవేసెడివి.

వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేసెడివారు. పడవకు అది విశ్రాంతికాలము. పడవవానికి మాత్రము కాదు. చిన్న తెరచాప పడవను పదిమంది కలిసి దుంగలపై దొర్లించి, పెరటిలోని తాటాకు పాకకు చేర్చెడివారు. పడవను నేలకు ఆనింపక దిమ్మలపై నిలుపవలెను. చెమ్మ తగిలిన కొయ్య కుళ్ళును. ఎండ తగిలినను చేటే. పలకలు కుంచించుకొని సందులు విచ్చును.

అసలు పని ఆ సందులలోనే ఉన్నది. పాత దూదిని గీకి తీసి, కొత్త దూదిని ఉలితోను కొయ్యసుత్తితోను కూరి, నూనెలో కరగించిన గుగ్గిలమును పైన పూయవలెను. దూది తక్కువైనచో నీరు కారును. మితిమీరినచో పలకయే కదలిపోవును. ఆ కొలత చేతికే తెలియవలెను. తుప్పుపట్టిన మేకు ఒక్కటి కంటబడకున్నను, బరువుతో నడికాలువలో నున్నప్పుడు పలక ఊడవచ్చును. ఇంటిల్లిపాది గ్రాసము ఆ పడవ మీదనే కదా!

తెరచాపను బాగుగా ఎండబెట్టి, ఎలుకల కందకుండ వాసములకు వ్రేలాడగట్టెడివారు.

తొలకరికి కాలువలకు నీరు వదలిన పిదప కూడ పడవను వెంటనే ప్రయాణము కట్టించెడివారు కారు. నీట దింపి ఒక రేయి ఉంచెడివారు. ఎండిన కొయ్య నీరు త్రాగి ఉబ్బగా సందులు మూసికొనును. తెల్లవారిన తరువాత పడవవాడు లోనికి దిగి, అడుగుపలకలపై చేయి పెట్టి తడి చూచెడివాడు.