పక్కవారి ఫోనుకు సిగ్నల్ వుంది, మన ఫోనుకు లేదేమి?

(సంఘ సభ్యుల కొరకు పాఠం)



తెల్లవారుజామున పాలకేంద్రం వద్ద ఇద్దరు సభ్యులు పక్కపక్కనే నిలబడి వుంటారు. పాలు పోసిన కాసేపటికి ఒకరి ఫోనుకు లీటర్లు, వెన్నశాతం, రేటు తెలిపే సందేశం వచ్చేస్తుంది. రెండవవారి ఫోను మూగగా వుంటుంది. "టవరు ఎదురుగానే కనబడుతున్నదే, నా ఫోను దానిని ఎందుకు పట్టుకోదు?" అని వారు విసుగుకొంటారు. నిడదవోలు చుట్టుపట్ల పల్లెలలో ఈ ప్రశ్న కొత్తది కాదు.

ఇది విసుగుతో పోయే సంగతి కాదు. నేడు పాలబిల్లు బ్యాంకు ఖాతాకు చేరిన కబురు ఫోనుకే వస్తుంది. బ్యాంకు ఓటీపీ ఫోనుకే వస్తుంది. అర్ధరాత్రి గేదె ఈనలేక అవస్థ పడుతుంటే పశువుల డాక్టరుగారిని పిలిచేదీ ఫోనుతోనే. అందుచేత ఫోను తన నెట్‌వర్కును ఏ నియమాల ప్రకారం ఎన్నుకొంటుందో ఈ పాఠంలో తెలుసుకొందాము.

1. ఫోను చూసేది బలం కాదు, సభ్యత్వం

మన సంఘం నియమమే తీసుకోండి. పక్క ఊరి పాలకేంద్రం మన పాకకు దగ్గరే కావచ్చు. అయినా మన పాలు మన సంఘంలోనే పోయాలి. పక్క ఊరి కార్యదర్శి మన పాసుపుస్తకం చూసి, "మీ సంఘంలో పోయండి" అంటారు.

ఫోనులోని సిమ్ కార్డు ఇటువంటి పాసుపుస్తకమే. అందులో సాధారణంగా పదిహేను అంకెల సభ్యత్వ సంఖ్య ఒకటి వుంటుంది. అది మనం ఇతరులకు చెప్పే పది అంకెల నంబరు కాదు. అందులో మొదటి మూడు అంకెలు దేశాన్ని తెలుపుతాయి. మన దేశపు సిమ్‌లలో అవి 404 లేదా 405గా వుంటాయి. తరువాతి అంకెలు కంపెనీని, సర్కిల్‌ను తెలుపుతాయి.

ఫోను తెరవగానే, క్రిందటిసారి తాను ఏ నెట్‌వర్కులో వున్నదో దానిని మొదట వెతుకుతుంది. అది దొరకకుంటే సిమ్ ఇచ్చిన సొంత కంపెనీ నెట్‌వర్కును, అదీ లేకుంటే సిమ్‌లో వ్రాసి వున్న జాబితాలోని నెట్‌వర్కులను వరుసగా చూస్తుంది. జాబితాలో లేనివాటి వద్దకు ఆ తరువాతనే పోతుంది. ఒప్పందం లేని కంపెనీ "మీరు మా సభ్యులు కారు" అని తిప్పి పంపుతుంది. ఆ తిరస్కారాన్ని సిమ్‌లో గుర్తు పెట్టుకొని, ఫోను తనంతట తాను మళ్ళీ అక్కడికి వెళ్ళదు.

ఎదురుగా వున్న టవరు మన ఫోనుకు ఎందుకు పనికిరాదో ఇప్పుడు తెలిసింది గదా! ఆ టవరు మీద మన కంపెనీ యంత్రాలు లేకపోతే, అది ఎంత ఎత్తున వున్నా మనకు లేనట్లే.

2. ఒకే కంపెనీ టవర్లలో ఏది?

సొంత నెట్‌వర్కు దొరికిన తరువాత, దాని టవర్లలో ఒకదానిని ఎంచుకోవాలి. ప్రతి టవరూ తన పేరును, ఎంత కనీస బలం వుంటే తన వద్దకు రావచ్చునో ఆ లెక్కను ఎల్లవేళలా ప్రకటిస్తూ వుంటుంది. ఫోను ఆ బలాన్ని కొలిచి, కనీస మట్టానికి మించితేనే అక్కడ చేరుతుంది. మరొక టవరు కొంచెం బలంగా కనబడినంత మాత్రాన వెంటనే మారదు. గేదె తన గాడిలో మేత వున్నంతవరకు, పక్క గాడిలో రెండు పరకలు ఎక్కువ వున్నాయని తాడు తెంపుకొని పోదు గదా! తేడా చెప్పుకోదగినంత వుండి, కొంత సమయం నిలిస్తేనే ఫోను మారుతుంది. లేకుంటే అటూ ఇటూ మారడంతోనే బ్యాటరీ అయిపోతుంది.

ఇక్కడ ఒక ముఖ్య భేదం గమనించాలి. ఫోను జేబులో ఊరక వున్నప్పుడు టవరును ఎన్నుకొనేది ఫోనే. మాట్లాడుతున్నప్పుడు ఎన్నుకొనేది నెట్‌వర్కు. నిడదవోలులో రైలెక్కి మాట్లాడుతూ కొవ్వూరు మీదుగా గోదావరి వంతెన దాటి రాజమహేంద్రవరం చేరేలోగా మన మాట అనేక టవర్ల చేతులు మారుతుంది. దారి పొడుగునా ఫోను కొలతలు మాత్రమే పంపుతుంది. ఎప్పుడు ఏ టవరుకు మార్చాలో కంపెనీ యంత్రాలు నిర్ణయిస్తాయి.

3. గీతలు నిండుగా వున్నా పని జరగదేమి?

గీతలు సిగ్నల్ బలాన్ని చూపుతాయి. టవరు వద్ద ఎంత రద్దీ వుందో చూపవు. కోట సత్తెమ్మ అమ్మవారి గుడి వద్ద జనం కిక్కిరిసినప్పుడు గీతలు నిండుగా వుండి కూడా ఫోను కలవకపోవచ్చు. పాలకేంద్రం తలుపు తెరిచి వున్నా, ముందు వంద క్యాన్ల వరుస వుంటే మన వంతు ఆలస్యమే. పైగా ఎన్ని గీతలు చూపాలనేది ఫోను తయారుచేసేవారి ఇష్టం. రెండు ఫోనుల గీతలను పోల్చి కంపెనీలను తూచరాదు.

రెండవ కారణం తరం. సాధారణంగా కంపెనీ 4జీకి ముందు స్థానం ఇస్తుంది. 2జీ ఎక్కువ బలంగా వున్నా, 4జీ కనీస మట్టానికి పైన వున్నంతవరకు ఫోను 4జీలోనే వుంటుంది. 4జీ మట్టానికి దిగువకు పడినప్పుడు 2జీకి దిగుతుంది. అప్పుడు గీతలు నిండుతాయి, మాట కలుస్తుంది, కాని డబ్బు పంపే యాప్ తెరుచుకోదు.

2016 సెప్టెంబరు 5న సేవలు ఆరంభించిన జియోకు 2జీ, 3జీ లేవు. అందుచేత 4జీ అందని చోట ఆ సిమ్‌కు దిగడానికి క్రింది మెట్టు వుండదు. 2జీ మాత్రమే తెలిసిన పాత బటన్ల ఫోనులో ఆ సిమ్ పనిచేయదు. ఎయిర్‌టెల్, వీఐలకు 2జీ వున్నది. సిమ్ కొనేటప్పుడు మన చేతిలోని ఫోను ఏ తరానిదో చూసుకోవాలి.

4. వై-ఫై సంగతి

ఇంటర్నెట్ కొరకు ఫోను సాధారణంగా తెలిసిన వై-ఫైకే ముందు స్థానం ఇస్తుంది. సంఘం కార్యాలయంలోని వై-ఫై నత్తనడకన వున్నా, దానినే పట్టుకొని వ్రేలాడవచ్చు. అప్పుడు వై-ఫై ఆపి చూడాలి. వై-ఫై వున్నది గనుక బ్యాంకు ఓటీపీ వస్తుందనీ అనుకోరాదు. వై-ఫై కాలింగ్ సదుపాయం లేనిచోట ఆ సందేశం టవరు ద్వారానే రావాలి.

5. ఆపద వేళ

సొంత నెట్‌వర్కు లేనప్పుడు కొన్ని ఫోనులు "అత్యవసర కాల్స్ మాత్రమే" అని చూపుతాయి. అంటే వేరే కంపెనీ టవరు అందుతున్నదని అర్థం. అప్పుడు 112కు చేసిన కాల్‌ను ఫోను ఆ టవరు ద్వారా పంపడానికి ప్రయత్నిస్తుంది. అక్కడ సభ్యత్వ నియమం సడలుతుంది.

కాని పశువుల అంబులెన్సు కొరకు మన రాష్ట్రంలో 2022లో వచ్చిన 1962 నంబరుకు ఈ సడలింపు వర్తించదు. దానికి మామూలు సిగ్నల్ కావలసిందే. చూలు గేదె వున్న ఇంటివారు ఈ తేడాను ముందే తెలుసుకొని వుండాలి.

2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ మొంథా తుపాను నరసాపురం సమీపాన తీరం దాటింది. ఇటువంటి విపత్తులలో టెలికాం శాఖ ఆదేశంపై కంపెనీలు ఒకరి సభ్యులను మరొకరు చేర్చుకొనే ఏర్పాటు వున్నది. దీనిని ఇంట్రా సర్కిల్ రోమింగ్ అంటారు. ఫోను దానిని అందుకోవాలంటే నెట్‌వర్కు ఎంపిక "ఆటోమేటిక్" మీద వుండాలి.

6. మనం చేయవలసినది

ఫోను తన నియమం ప్రకారం నడుచుకొంటుంది. అసలు ఎన్నిక సిమ్ కొన్ననాడే జరిగిపోయింది. ఆ ఎన్నిక చేసింది మనమే. అందుచేత:

(అ) సిమ్ కొనే ముందు, లేదా మార్చే ముందు, వేరువేరు కంపెనీల సిమ్‌లు గల ఇరుగుపొరుగు ఫోనులతో మూడు చోట్ల పరీక్షించండి: పశువుల పాక, ఇంటి లోపలి గది, పాలకేంద్రం. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి చూడండి. మాట, సందేశం, ఇంటర్నెట్ మూడింటినీ విడివిడిగా కాగితం మీద వ్రాసుకోండి.

(ఆ) కంపెనీ మార్చదలిస్తే నంబరు మార్చనక్కరలేదు. 2011 జనవరి 20 నుండి దేశమంతటా ఈ సదుపాయం వున్నది. ఆంగ్లాక్షరాలలో పోర్ట్ అని వ్రాసి, ఖాళీ వదిలి, పది అంకెల నంబరు చేర్చి 1900కు సందేశం పంపితే కోడ్ వస్తుంది. పాత కంపెనీలో కనీసం 90 రోజులు నిండి వుండాలి. నంబరు మారదు గనుక బ్యాంకులో, సంఘంలో నమోదు చెక్కుచెదరదు.

(ఇ) రెండు సిమ్‌ల ఫోను వున్నవారు వేరువేరు కంపెనీలవి వేసుకోండి. ఒకే కంపెనీవి రెండు వేస్తే, ఆ కంపెనీ అందని చోట రెండూ ఒక్కసారే మూగబోతాయి.

(ఈ) సిగ్నల్ తిరిగి రాకపోతే విమానం గుర్తును నొక్కి, అర నిమిషం ఆగి తీసివేయండి. ఫోను మొదటి నుండి వెతుకుతుంది.

(ఉ) సిగ్నల్ లేని చేలో గంటల తరబడి వుండవలసివస్తే ఇదే గుర్తు నొక్కి వుంచండి. వెతుకులాటతో బ్యాటరీ ఖర్చు కాకుండా వుంటుంది. ఇంటికి రాగానే తీసివేయడం మరువకండి.

సంఘ సమావేశంలో చర్చకు ప్రశ్నలు

1. మన పాలకేంద్రం వద్ద ఏ కంపెనీ మాట బాగా కలుస్తుంది? ఏ కంపెనీ ఇంటర్నెట్ బాగా వస్తుంది?
2. 112కు, 1962కు తేడా ఏమి?
3. ఏ సభ్యుల పాకల వద్ద రాత్రివేళ ఏ ఫోనూ పలకదు? వారికి దగ్గరలో ఫోను పలికే ఇల్లు ఏది?

మూడవ ప్రశ్నకు వచ్చిన జవాబును కార్యదర్శిగారు వ్రాసి పాలకేంద్రం గోడకు అంటించవలసినదిగా కోరుతున్నాము. ఏదో ఒక రాత్రి ఆ కాగితం ఒక గేదెను, దాని దూడను కాపాడవచ్చును.