స్లీపింగ్ బ్యాగు లైనరు – ఏది కొనాలి, ఏది కుట్టించుకోవాలి?

ఎన్.సి.సి. క్యాంపుకో, ట్రెక్కింగుకో, పర్వతారోహణ శిక్షణకో ఎంపికైన మన హాస్టల్ తమ్ముళ్ళకు ముందుగా ఒక జాబితా చేతికొస్తుంది. టార్చిలైటు, ఉన్ని టోపీ, రెండు జతల మందపాటి సాక్సులు అంటూ సాగి, చివర్లో ఎక్కడో 'స్లీపింగ్ బ్యాగ్ లైనర్' అని ఉంటుంది. కొందరు దాన్నే 'ఇన్నర్' అని రాస్తారు. మిగతావన్నీ తెలిసిన వస్తువులే. దీని దగ్గరే అందరూ ఆగిపోతారు. "అన్నా, స్లీపింగ్ బ్యాగు వాళ్ళే ఇస్తారంట. మళ్ళీ ఈ లైనరెందుకు? లేకపోతే పంపించరా?" అని ఈ రెండేళ్ళలో మమ్మల్ని అడిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదటివాళ్ళం. ఇంటికి ఫోన్ చేసి ఇంకో వస్తువుకు డబ్బులు అడగడం ఎంత కష్టమో మాకు తెలుసు. అందుకే మేము చదువుకున్న కాస్త భౌతికశాస్త్రాన్నీ, క్యాంపులకు వెళ్ళొచ్చిన మిత్రుల అనుభవాన్నీ కలిపి ఈ వ్యాసం రాస్తున్నాం.

మన పిల్లలకు ఈ సామాన్లతో పనేముంది అనుకునే రోజులు పోయాయి. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. అప్పటికి పూర్ణ వయసు 13 సంవత్సరాల 11 నెలలు. వాళ్ళ శిక్షణ మొదలైంది మన భువనగిరి కొండ మీద. ఆ తర్వాతే డార్జిలింగ్, లడఖ్. వాళ్ళు శిఖరం మీద నిలబడిన ఎనిమిది రోజులకు తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. ఆనాటి నుంచి గురుకులాల్లోనూ, హాస్టళ్ళలోనూ ఇలాంటి జాబితాలు పట్టుకుని తిరిగే పిల్లలు పెరిగారు.

ముందు స్లీపింగ్ బ్యాగు ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఇది తెలిస్తే లైనరు సంగతి సగం తెలిసినట్టే. స్లీపింగ్ బ్యాగు వేడిని పుట్టించదు. వేడి పుట్టేది మన ఒంట్లో. ఆ వేడి బయటికి పోకుండా ఆపేది గుడ్డ కూడా కాదు, గుడ్డ పొరల మధ్య కదలకుండా నిలిచిన గాలి. మన అమ్మలు పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి కుట్టే బొంతలో ఉన్న కిటుకు ఇదే. ఒక్కో చీర పల్చనిదే అయినా ఐదారు పొరలు కలిసేసరికి మధ్యలో గాలి చిక్కుకుంటుంది. స్లీపింగ్ బ్యాగులో చీరల బదులు బాతు ఈకల నూగు గానీ, పాలిస్టర్ పీచు గానీ ఉంటుంది. బొంతను తడిపితే ఏమవుతుంది? పొరలు అతుక్కుపోతాయి, గాలి ఉన్న చోటికి నీళ్ళు వస్తాయి. నిలిచిన గాలి కంటే నీరు వేడిని ఇరవై రెట్లకు పైగా ఎక్కువగా లాగేస్తుంది. స్లీపింగ్ బ్యాగుకూ ఇదే వర్తిస్తుంది. ఒంటి చెమట, నూనె, మట్టి పట్టిన కొద్దీ లోపలి నూగు ఉండలు కట్టి పొంగు తగ్గిపోతుంది. బ్యాగును మాటిమాటికీ ఉతకలేం. ఉతికితే ఆరడానికి రోజులు పడుతుంది, ఉతికిన ప్రతిసారీ కొంత పాడవుతుంది కూడా.

ఈ కారణంగా వచ్చిందే లైనరు. ఒక పల్చని గుడ్డసంచి. దాంట్లో మనం దూరి, ఆ సంచితో సహా స్లీపింగ్ బ్యాగులో దూరతాం. పొద్దున దాన్ని తీసి ఉతుక్కుంటే చాలు. దిండుకు గలేబు ఎలాగో బ్యాగుకు లైనరు అలాగ. ఇది కొత్త వస్తువేమీ కాదు. జర్మనీలో రిచర్డ్ షిర్మాన్ అనే బడిపంతులు 1909లో యూత్ హాస్టళ్ళ ఆలోచన మొదలుపెట్టాడు. ఆ హాస్టళ్ళు యూరప్ అంతటా పాకిన తర్వాత, చాలాచోట్ల బస చేసేవాళ్ళు తమ దుప్పటిసంచి తామే తెచ్చుకోవాలనే నియమం ఉండేది. పరుపూ రగ్గూ అందరివీ, ఒంటికి తగిలే గుడ్డ మాత్రం ఎవరిది వాళ్ళదే. హాస్టల్లో పెరిగిన మనకు ఈ నియమంలోని న్యాయం వేరే చెప్పనక్కర్లేదు.

క్యాంపులో ఇచ్చే బ్యాగు మనకంటే ముందు ఎంతమంది వాడారో చెప్పలేం. గజ్జి ముఖ్యంగా ఒంటికి ఒళ్ళు తగలడం వల్ల అంటుకుంటుంది. కానీ ఆ పురుగు మనిషి ఒంటి నుంచి విడిపోయాక కూడా రెండు మూడు రోజులు బతకగలదు కాబట్టి పక్కబట్టల ద్వారా కూడా రావచ్చు. లైనరు మన చర్మానికీ ఆ బ్యాగుకూ మధ్య అడ్డుగుడ్డ. అంతకుమించి మంత్రమేమీ లేదు. నల్లులను అది ఆపలేదు. నల్లి సందు చూసుకుని వస్తుందని మన మంచాలే చెబుతాయి. పెర్మెత్రిన్ అనే మందు పట్టించిన లైనర్లు విదేశీ కంపెనీలు అమ్ముతాయి. మామూలు క్యాంపులకు అవి అవసరం లేదు.

ఇక వెచ్చదనం మాట. లైనర్ల అట్ట మీద 'ఇన్ని డిగ్రీల అదనపు వెచ్చదనం' అని పెద్ద అక్షరాలతో వేస్తారు. దీన్ని జాగ్రత్తగా చదవాలి. స్లీపింగ్ బ్యాగులను కొలవడానికి ఒక ప్రమాణం ఉంది. 2002లో యూరప్‌లో ఈ.ఎన్. 13537 పేరుతో వచ్చి, 2016లో ఐ.ఎస్.ఓ. 23537గా మారింది. వేడిచేసిన బొమ్మమనిషిని బ్యాగులో పడుకోబెట్టి కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని మూడు అంకెలు తేలుస్తారు. మనం చూడాల్సింది కంఫర్ట్ అంకె ఒక్కటే. ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణం నిలిచే హద్దు, నిద్రపట్టే హద్దు కాదు. లైనరు అట్ట మీద డిగ్రీలకు ఇలాంటి ఉమ్మడి కొలత లేదు, కంపెనీ తన లెక్క తాను వేసుకుంటుంది. మా అభిప్రాయం అడిగితే, పల్చని నూలు, పట్టు లైనర్ల నుంచి రెండు మూడు డిగ్రీలకు మించి ఆశించకూడదు. మందపాటి ఫ్లీసుదైతే ఇంకొంచెం.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. ఆ బొమ్మమనిషికి పరీక్షలో నిండు చేతుల లోదుస్తులు, సాక్సులు తొడుగుతారు, కింద మ్యాటు వేస్తారు. అంటే బ్యాగు మీది అంకె మ్యాటును కూడా కలుపుకున్నదే. మన ఒంటి బరువుకు బ్యాగు అడుగుభాగం నలిగి గాలంతా పోతుంది కనుక నేల చలి నేరుగా వీపుకు తగులుతుంది. లైనరు ఎంత మంచిదైనా దీన్ని ఆపదు. చేతిలో ఉన్న డబ్బు ఒక్క వస్తువుకే సరిపోతుందనుకుంటే, ముందు కింద పరిచే ఫోమ్ మ్యాటు కొనండి. లైనరు సంగతి పాత చీరతో చూసుకోవచ్చు, ఎలాగో కింద రాశాం.

గుడ్డల్లో ముఖ్యమైనవి నాలుగు: నూలు, పట్టు, పాలిస్టర్, ఫ్లీసు. ఉన్నివి కూడా ఉన్నాయి, మంచివే, కానీ మనకు అందే ధర కాదు.

నూలు లైనరు ఒంటికి హాయి. వేడినీళ్ళలో వేసి ఉడకబెట్టినా ఏమీ కాదు. గజ్జి అనుమానం ఉన్నప్పుడు దీనికి మించింది లేదు. లోపమల్లా తడే. మామూలు గాలిలో కూడా నూలు తన బరువులో 8 శాతం దాకా తేమ పీల్చి ఉంచుకుంటుంది. పట్టు 11 శాతం దాకా పీలుస్తుంది, పాలిస్టర్ అర శాతం కూడా పీల్చదు. మరి పట్టు ఇంకా ఎక్కువ పీలుస్తుంది కదా, అది మంచిదెలా అవుతుందని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. లెక్క వేద్దాం. పట్టు లైనరు మొత్తం బరువు 130 గ్రాములనుకుంటే, అందులో తేమ 14 గ్రాములు. నూలుది 300 గ్రాములనుకుంటే 24 గ్రాములు. శాతం ఎక్కువైనా మొత్తం తక్కువ, త్వరగా ఆరిపోతుంది. అసలు తేడా బాగా తడిసినప్పుడు తెలుస్తుంది. నూలు లైనరు వానకో చెమటకో తడిసి 200 గ్రాముల నీరు పట్టిందనుకోండి. ఒక్కో గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కెలోరీల వేడి కావాలి. 200 గ్రాములకు 1,16,000 కెలోరీలు, అంటే ఆహారం లెక్కలో 116 కిలో కెలోరీలు. దాదాపు 33 గ్రాముల బియ్యం ఇచ్చే శక్తి. ఆ వేడి అంతా ఆ రాత్రి మన ఒంట్లోంచే పోవాలి. అందుకే నడిచి వచ్చిన చెమట బట్టలతో లైనరులో దూరవద్దు. పడుకునే ముందు పొడి బట్టలు మార్చుకోండి. ముఖం లోపల పెట్టి ఊపిరి వదలవద్దు. ఆ తేమంతా లోపలి గుడ్డకే పడుతుంది.

పట్టు అన్నిటికంటే తేలిక, పిడికిట్లో ఇమిడిపోతుంది, ఖరీదు కూడా అన్నిటికంటే ఎక్కువే. సర్ఫు, సోడా, బ్లీచింగు దీనికి పడవు. పట్టు మన వెంట్రుకలాగే ప్రొటీను, క్షారం తగిలితే పాడవుతుంది. తేలికరకం షాంపూతో చల్లని నీళ్ళలో పిండి నీడలో ఆరేయాలి. పట్టు అని చెప్పి ఆర్ట్ సిల్కు అంటగట్టేవాళ్ళుంటారు కనుక ఒక దారప్పోగు తీసి కాల్చి చూడండి. అసలు పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూస కడుతుంది. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది. ఇంటర్ కెమిస్ట్రీ ఇక్కడైనా అక్కరకొస్తుంది!

పాలిస్టరుది చవక, గట్టిది, రాత్రి ఉతికితే తెల్లారేసరికి ఆరుతుంది. వానాకాలం క్యాంపులకు మేము దీన్నే చెబుతాం. రెండు మూడు రోజులకు వాసన పట్టేస్తుంది, అంతే. ఫ్లీసుది వెచ్చన, కానీ సంచిలో సగం చోటు అదే తినేస్తుంది. ఈ రెండిటినీ స్టవ్వు దగ్గరా, కొవ్వొత్తి దగ్గరా పెట్టకూడదు. నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటాయి.

ఏది ఎవరికి? లంబసింగి, ఆదిలాబాద్ చలికాలపు క్యాంపులకు నూలుది నిక్షేపంగా సరిపోతుంది. హిమాలయాల్లో మంచు మీద చాలా రాత్రులు గడపాల్సినవాళ్ళు, సామాను తామే మోయాల్సినవాళ్ళు పట్టుదో, పల్చని పాలిస్టరుదో చూసుకోవాలి. మొదటిసారి వెళ్ళే విద్యార్థి కొనాల్సిన పనే లేదు, కుట్టించుకుంటే చాలు.

మెత్తబడిన పాత నూలు చీర ఒకటి తీసుకోండి. చీర పొడవు ఐదున్నర మీటర్లు, వెడల్పు సుమారు 115 సెంటీమీటర్లు ఉంటుంది. అందులో 4.4 మీటర్ల ముక్క కత్తిరించి సగానికి మడిస్తే 2.2 మీటర్లవుతుంది. మడత పాదాల వైపు ఉండాలి. అక్కడ కుట్టు లేకపోతే కాళ్ళు తన్నినా చిరగదు. భుజాల దగ్గర 85 సెంటీమీటర్లు, పాదాల దగ్గర 60 సెంటీమీటర్లు ఉండేలా ఏటవాలుగా కోసి రెండు పక్కలా కుట్టించండి. ఒక పక్క మాత్రం పైనుంచి 75 సెంటీమీటర్లు వదిలేయాలి. అర్ధరాత్రి లేవాల్సి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. అంచులు మడిచి రెండో కుట్టు వేయమని టైలరుకు చెప్పండి, లేకుంటే పోగులు ఊడి కాలివేళ్ళకు చుట్టుకుంటాయి. బ్యాగు లోపలి చుట్టుకొలత కంటే లైనరు బిగుతుగా ఉండకూడదు, ఉంటే బోర్లా తిరిగినప్పుడల్లా ఒంటికి మెలికపడుతుంది. మిగిలిన మీటరు ముక్కతో చిన్న గలేబు వస్తుంది. రాత్రి స్వెట్టరు అందులో కుక్కితే దిండు. మొత్తం బరువు 300 గ్రాములకు అటూ ఇటూ. జరీ అంచుంటే ముందే కోసేయండి, మెడ దగ్గర గీరుతుంది.

వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులకు ఒక మనవి. ఇళ్ళల్లో వాడకుండా ఉన్న నూలు చీరలు రెండు మూడు తెచ్చి వార్డెన్ సారుకు అప్పగిస్తే, కుట్టుకూలి మేము చూసుకుంటాం. ఆరు లైనర్లుంటే ఒక బ్యాచికి సరిపోతాయి. వెళ్ళొచ్చిన వాళ్ళు వేడినీళ్ళలో ఉతికి, ఎండలో బాగా ఆరేసి, మడిచి స్టోరు రూములోని ట్రంకుపెట్టెలో పెట్టాలి. గుర్తుకు మూల మీద రంగుదారంతో అంకె కుట్టిస్తే మంచిది. ఇంకుతో రాసింది రెండు ఉతుకులకే పోతుంది.