డోలీ నుంచి 108 దాకా: రోగిని చేర్చే మెట్లు



మనలో చాలామందిమి బండి రాని ఊళ్ళ నుంచే ఈ బడికి వచ్చాం. ఇంటి దగ్గర ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే పెద్దవాళ్ళు “బండి కావాలి” అంటారు. ఏ బండి అని ఎవరూ అడగరు. బండ్లన్నీ ఒకటి కాదు. వాటిలో మెట్లు ఉన్నాయి. ఏ రోగికి ఏ మెట్టు కావాలో తెలిస్తే దారిలో పోయే ప్రాణాలు కొన్ని నిలుస్తాయి. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

1. డోలీ

ఇది ఏ ప్రభుత్వ లెక్కలోనూ లేని మెట్టు. కానీ మనకు మొదటి మెట్టు ఇదే. బలమైన కర్రకు దుప్పటి గానీ బుట్ట గానీ కట్టి ఇద్దరు మోస్తారు. ఇంకో ఇద్దరు మార్చుకోడానికి వెంట నడుస్తారు. డోలీలో మందు ఉండదు, ఆక్సిజన్ ఉండదు. అయినా జాగ్రత్తలు ఉన్నాయి.

గర్భిణిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. వెల్లకిలా పడుకుంటే కడుపు బరువు పెద్ద రక్తనాళం మీద పడి, తల్లికీ బిడ్డకూ రక్తం సరిగా అందదు. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పొయ్యకూడదు. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి ఉంచాలి. పాము కరిస్తే కరిచిన కాలో చెయ్యో కదలకుండా పుల్ల పెట్టి వదులుగా కట్టాలి. గట్టిగా తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చెయ్యకూడదు. విరుగుడు మందు ఆసుపత్రిలోనే ఉంటుంది.

ముఖ్యమైన సంగతి ఇంకొకటి. జీలుగు చెట్టు మీంచి పడ్డవాణ్ణి దుప్పటి డోలీలో వెయ్యకూడదు. దుప్పటిలో నడుం వంగిపోతుంది. వెన్నుపూస విరిగి ఉంటే లోపలి నరం తెగి కాళ్ళు శాశ్వతంగా పడిపోవచ్చు. అలాంటివాణ్ణి తలా నడుమూ ఒకే వరసలో ఉంచి, నలుగురూ ఒక్కసారిగా ఎత్తి, తలుపు చెక్క మీదో, పలక వేసిన మంచం మీదో మోసుకెళ్ళాలి.

2. ఫీడర్ అంబులెన్సు

మోటారుసైకిలుకు రోగి పడుకునే తొట్టిలాంటిది జోడించి తయారు చేశారు. పెద్ద బండి రాలేని మట్టిదారిలో ఇది వస్తుంది. రోగిని పెద్ద బండి దగ్గరికో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో చేరుస్తుంది. పిల్లకాలవ నీళ్ళు పెద్దకాలవలో కలిపినట్టు దీని పని.

3. రోగిని దింపే మామూలు బండి

ఇది ప్రాణాపాయం లేనివాళ్ళకు. ఆసుపత్రిలో కాన్పు అయ్యాక తల్లినీ బిడ్డనూ ఇంటికి చేర్చే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఇలాంటిదే. ఆయాసపడుతున్న మనిషిని ఇలాంటి బండిలో ఎక్కించడం సరికాదు. దారిలో ఏదైనా అయితే చూసే ఏర్పాటు ఇందులో ఉండదు.

4. ప్రాథమిక ప్రాణరక్షణ బండి

దీన్ని బి.ఎల్.ఎస్. అంటారు. స్ట్రెచరు, ఆక్సిజన్, గొంతులో అడ్డుపడ్డది లాగే యంత్రం, బి.పి. చూసేది, విరిగిన ఎముకకు కట్టే బద్దలు, కాన్పుకు కావలసిన సామాను ఉంటాయి. డ్రైవరుతో పాటు శిక్షణ పొందిన టెక్నీషియన్ ఉంటారు. దారిలో కాన్పు అయితే చేసేది ఆయనే.

5. ఉన్నత ప్రాణరక్షణ బండి

దీన్ని ఎ.ఎల్.ఎస్. అంటారు. పై సామానుతో పాటు గుండె కొట్టుకోవడం చూపించే మానిటరు, ఆగబోయే గుండెకు షాక్ ఇచ్చే యంత్రం, ఊపిరి ఇచ్చే వెంటిలేటరు కూడా ఉంటాయి. గుండెపోటు, తలకు పెద్ద దెబ్బ, సొంతంగా ఊపిరి తీసుకోలేని స్థితి – వీటికి ఇది కావాలి.

6. పసిబిడ్డల బండి

నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ ఒళ్ళు త్వరగా చల్లబడిపోతుంది. ఆ చల్లదనమే ప్రాణం తీస్తుంది. ఈ బండిలో వెచ్చగా ఉంచే ఇంక్యుబేటరు ఉంటుంది. బండి వచ్చేదాకా బిడ్డను తల్లి గుండెకు ఆనించి, ఒంటికి ఒళ్ళు తగిలేలా పెట్టి, పైన గుడ్డ కప్పాలి. తలకు కూడా గుడ్డ చుట్టాలి.

కొంచెం చరిత్ర

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. తరవాత చాలా రాష్ట్రాలు ఈ పద్ధతి తీసుకున్నాయి. 2020 జులై 1న ఆంధ్రప్రదేశ్‌లో 412 కొత్త 108 బండ్లు ప్రారంభించారు. వాటిలో 282 బి.ఎల్.ఎస్., 104 ఎ.ఎల్.ఎస్., 26 పసిబిడ్డల బండ్లు. ఈ అంకెలు చూస్తే ఒకటి అర్థమవుతుంది. పెద్ద సామాను ఉన్న బండ్లు తక్కువే. అందుకని అవసరం ఉన్నవాళ్ళకే అవి వెళ్ళాలి. ఏది పంపాలో 108 వాళ్ళు మనం ఫోనులో చెప్పే మాటను బట్టే తేలుస్తారు. “ఒంట్లో బాగాలేదు, బండి పంపండి” అంటే వాళ్ళకు ఏం తెలుస్తుంది?

ఫోనులో ఏం చెప్పాలి?

(అ) ఊరు, పంచాయతీ, మండలం – మూడూ చెప్పాలి. కొత్తవలస అన్న పేరుతోనే ఎన్ని ఊళ్ళున్నాయో చూడండి!
(ఆ) బండి ఎక్కడిదాకా రాగలదో చెప్పాలి. “గెడ్డ దాటలేదు, ఇవతల మర్రిచెట్టు దగ్గర ఆగాలి” అన్నట్టు.
(ఇ) ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది.
(ఈ) స్పృహ ఉందా? ఊపిరి ఆడుతోందా? రక్తం పోతోందా? గర్భిణి అయితే ఎన్నో నెల?
(ఉ) వాళ్ళు పెట్టమనేదాకా ఫోను పెట్టెయ్యకూడదు.

ఒక లెక్క

ఊరి నుంచి రోడ్డుకు 6 కి.మీ. అనుకుందాం. డోలీ గంటకు 3 కి.మీ. నడిస్తే 2 గంటలు పడుతుంది. బండి రోడ్డు మీదికి రావడానికి 1 గంట అనుకుందాం. రోడ్డుకు దిగాక ఫోను చేస్తే 2+1=3 గంటలు. డోలీ లేవకముందే ఫోను చేస్తే 2 గంటలే. పైసా ఖర్చు లేకుండా ఒక గంట మిగిలింది. కాన్పయ్యాక రక్తం ఆగని తల్లికి ఆ గంటే బతుకు.

మా ఊళ్ళో సిగ్నలు అందదు. మెట్ట మీద ఒక బండరాయి దగ్గరే వస్తుంది. పోయిన వానాకాలం మా పిన్నికి నొప్పులు వచ్చినప్పుడు మా చిన్నాన్న డోలీ కట్టుకుంటుంటే, ఆశా అక్క ముందే ఆ రాయి దగ్గరికి పరిగెత్తి ఫోను చేసింది. వీళ్ళు రోడ్డుకు దిగేసరికి బండి తలుపు తీసి ఉంది. పిన్ని బండిలోనే ప్రసవించింది. ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. ఆ రోజు అందరికంటే ముందు పనికొచ్చింది ఆ రాయి. మీ ఊళ్ళో అలాంటి రాయి ఎక్కడుందో మీకు తెలుసా?

ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి

చిన్న ఆసుపత్రి నుంచి పెద్ద ఆసుపత్రికి పంపినప్పుడు కూడా 108 ఉంది. అప్పుడు మన వాళ్ళు అడగాల్సినవి మూడు: రిఫరల్ చీటీ ఇచ్చారా? దారిలో ఆక్సిజన్ కావాలా? వెళ్ళే ఆసుపత్రికి ముందుగా చెప్పారా? భయపడకుండా అడగమని అమ్మానాన్నలకు చెప్పండి. అడగడం తప్పు కాదు, హక్కు.

ముగింపు

రోడ్డు వెయ్యడం మన చేతిలో లేదు. అది అడుగుతూనే ఉండాలి, డోలీ ఎప్పటికీ ఉండాల్సిన మెట్టు కాదు. కానీ రోడ్డు వచ్చేలోపు ముందుగా ఫోను చెయ్యడం, సరిగా చెప్పడం, సరిగా మొయ్యడం మన చేతిలో ఉన్నాయి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ మూడూ మీ వాళ్ళకు మీ ఇంటి భాషలో చెప్పండి.

అభ్యాసం

1. చెట్టు మీంచి పడ్డవాణ్ణి దుప్పటి డోలీలో ఎందుకు మొయ్యకూడదు?
2. గర్భిణిని ఏ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి? ఎందుకు?
3. మీ ఊరి నుంచి రోడ్డుకు ఎంత దూరం? పై లెక్క మీ ఊరికి కట్టి చూడండి.
4. మీ ఊళ్ళో సిగ్నలు అందే చోటు, బండి ఆగే చోటు గుర్తిస్తూ పటం గీయండి. సెలవుల తరవాత తెస్తే ఈ గోడ మీదే అంటిద్దాం.

– 10వ తరగతి విద్యార్థిని