పుణ్యం సరే, పనిచేసేవారి సంగతి?



మన సంఘాల వార్షిక సంచికల్లో ఎన్ని రేషన్ కిట్లు పంచామో, ఎందరు పిల్లలకు ఫీజులు కట్టామో లెక్కలు ఉంటాయి. ఆ కిట్లు కట్టినవారి గురించి, ఆ పిల్లలకు సాయంత్రాలు పాఠం చెప్పినవారి గురించి రెండు వాక్యాలు కూడా కనిపించవు. వారికీ ప్రేరణ కావాలని, వారిమీదా ఒత్తిడి ఉంటుందని అంటే, "అల్లాహ్ కోసం చేసే పనికి అలుపేమిటి?" అని అడిగేవారున్నారు. నియ్యత్ మంచిదైతే మనిషి అలసిపోడని మేము కూడా చాలాకాలం నమ్మాం. ఆ నమ్మకం ఎలా పోయిందో చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాం.

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో మేము బి.ఎడ్. చదివినప్పుడు ప్రేరణ, మూర్తిమత్వం, ప్రతిబలం అని మూడు వేర్వేరు పాఠాలు ఉండేవి. ఒత్తిడికి పుస్తకాల్లో రాసే మాట ప్రతిబలం. పరీక్ష హాలు దాటాక ఆ మాట వాడినవారిని మేము చూడలేదు. మాస్లో 1943లో చెప్పిన అవసరాల క్రమాన్ని మెట్లుగా గీసేవాళ్ళం. కింద తిండి, దానిమీద భద్రత, ఆపైన ఆప్యాయత, గౌరవం, అన్నిటికన్నా పైన తనలోని శక్తిని పూర్తిగా వినియోగించుకోవడం. బొమ్మ బాగా వేసినవారికి మంచి మార్కులు పడేవి. ఈ మూడు పాఠాలూ ఒకే మనిషిలో ఒకేసారి నడుస్తాయన్న సంగతి మాత్రం ఏ ప్రశ్నపత్రమూ అడగలేదు.

క్లాసులయ్యాక తార్నాక చౌరస్తా దాకా నడిచి బస్సు కోసం నిలబడేవాళ్ళం. ఇప్పుడక్కడ మెట్రో కూడా వచ్చింది గానీ, బస్సు డ్రైవరు పరిస్థితి పెద్దగా మారలేదు. బస్సు ఎన్నింటికి చేరాలో అతను నిర్ణయించడు. సిగ్నలు అతని చేతిలో లేదు, ట్రాఫిక్ అతని చేతిలో లేదు. ఆలస్యమైతే తిట్లు మాత్రం అతనికే. 1979లో అమెరికా పరిశోధకుడు రాబర్ట్ కారసెక్ వివరించింది ఈ పరిస్థితినే. పని ఎక్కువగా ఉండటం ఒక్కటే మనిషిని కుంగదీయదు. పని భారం ఎక్కువై, ఆ పనిమీద తన మాట చెల్లనప్పుడు మనిషి కుంగిపోతాడు. పెద్ద సర్జనుకు పని తక్కువేమీ కాదు, కానీ ఆపరేషన్ ఎలా చేయాలో ఆయనే నిర్ణయిస్తాడు. తరవాతి పరిశోధకులు దీనికి మూడో అంశం చేర్చారు: పైవారి నుంచి, తోటివారి నుంచి దొరికే తోడ్పాటు.

మనకు ఇది కొత్త సంగతి కాదు. సేవకుల మీద శక్తికి మించిన భారం మోపవద్దని, మోపవలసి వస్తే స్వయంగా ఓ చేయి వేయాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. మొదటి సగం మనం ఉపన్యాసాల్లో వింటూనే ఉంటాం. రెండో సగమే మరుగున పడుతుంది.

తార్నాక దగ్గర ఒక సంఘం సాయంత్రపు ట్యూషన్ కేంద్రం నడిపేది. ఆ కమిటీలో మేమూ ఉన్నాం. ఎం.ఏ. చదివిన ఒకమ్మాయి అక్కడ పాఠాలు చెప్పేది. జీతం బాగా తక్కువ. మొదట్లో గంట ముందే వచ్చి, వెనకబడిన పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చదివించేది. చార్టులు సొంత డబ్బుతో కొనేది. ఏడో నెలలో మానేసింది. "ఇంకెక్కడో ఎక్కువ జీతం దొరికి ఉంటుంది" అని కమిటీలో ఒకరన్నారు. అందరం తలలూపాం. తరవాత మేము వాళ్ళింటికి వెళ్ళి అడిగితే ఆమె చెప్పింది వేరు.

"జీతం తక్కువని తెలిసే వచ్చాను సర్. మగ్రిబ్ వేళకు పిల్లలు మధ్యలో లేచి వెళ్ళిపోతున్నారు, టైము మార్చండని మూడుసార్లు అడిగాను. ఎవరూ అవుననలేదు, కాదనలేదు. సుద్దముక్క కావాలన్నా బీరువా తాళం ఉన్న భాయ్ వచ్చేదాకా ఆగాలి. దాతలు వచ్చిన రోజు పాఠం ఆపి, పిల్లలను వరసలో నిలబెట్టి ఫొటోలు తీయించాలి. కాస్త పెద్ద పిల్లలు సిగ్గుపడి మర్నాడు రారు. ఎందుకు రాలేదని మళ్ళీ నన్నే అడుగుతారు."

ఆమె ఇంటి నుంచి తిరిగి వస్తుంటే మాకు చౌరస్తాలో డ్రైవరు గుర్తొచ్చాడు.

ఇక్కడ మన తెలుగు నేలమీద జరిగిన ఒక ప్రయోగం చెప్పుకోవాలి. హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్‌క్లెలండ్ 1960ల నడుమ కాకినాడలోని చిన్న వ్యాపారులను ఎంచుకుని, హైదరాబాదులోని సియెట్ సంస్థలో పది రోజుల పాటు శిక్షణ ఇప్పించాడు. యూసుఫ్‌గూడలో ఉన్న ఆ సంస్థ పేరు తరవాత మారింది. శిక్షణలో వారిచేత కథలు రాయించారు, ఆటలు ఆడించారు, తమ లక్ష్యాలు తామే పెట్టుకోమన్నారు. తరవాత రెండేళ్ళు గమనిస్తే, శిక్షణ పొందినవారిలో దాదాపు సగం మంది వ్యాపారంలో చురుగ్గా కొత్త అడుగులు వేశారు. శిక్షణ లేనివారిలో అలాంటివారు నాలుగో వంతు మాత్రమే. ఈ వివరాలను మెక్‌క్లెలండ్, వింటర్ 1969లో పుస్తకంగా తెచ్చారు. ఆచార సంప్రదాయాలు పాటించడం ఎవరికీ అడ్డు కాలేదని కూడా తేలింది. మాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది మరొకటి. తమ వ్యాపారంలో తామే నిర్ణయాలు తీసుకోగలిగినవారిలో ఈ మార్పు ఎక్కువగా కనిపించింది. ఉత్సాహం ఎంత నింపినా, దాన్ని ఖర్చుపెట్టే అధికారం లేకపోతే అది లోపలే ఇంకిపోతుందని మేము అర్థం చేసుకున్నాం.

మూర్తిమత్వం సంగతీ మెక్‌క్లెలండే చెప్పాడు. కొందరిని సాధించాలనే తపన నడిపిస్తుంది. వారికి అందీ అందనట్టుండే లక్ష్యం కావాలి, ఎంతవరకు వచ్చామో ఎప్పటికప్పుడు తెలియాలి. కొందరిని నలుగురితో కలిసుండాలనే కోరిక నడిపిస్తుంది. వీరిని ఒంటరిగా ఓ గదిలో రశీదులు రాయమంటే నెలకే వాడిపోతారు. ఇంకొందరికి బాధ్యత అప్పగిస్తేనే హుషారు. మన సంఘాల్లో మనిషిని చూసి పని ఇవ్వడం అరుదు. ఖాళీ ఎక్కడుంటే అక్కడ కూర్చోబెడతాం. ఆ తరవాత "ఈమెకు సబర్ లేదు" అంటాం.

ఇక జీతాల మాట. ఆ అమ్మాయి జీతం కోసం మానలేదని చెప్పాం కదా, దాంతో జీతం అక్కర్లేదని ఎవరూ అనుకోవద్దు. మాస్లో బొమ్మలో తిండి అట్టడుగు మెట్టు. రమజాన్‌లో మన సిబ్బంది పగలంతా రోజాతో ఉండి కిట్లు కడతారు, తరావీహ్ తరవాత జకాత్ రశీదులు సరిచూస్తారు. ఏడాదిలో అందరికన్నా ఎక్కువ పని ఆ నెలలోనే. విరాళాలూ ఎక్కువగా ఆ నెలలోనే వస్తాయి. ఈద్ దాటి రెండు మూడు నెలలయ్యేసరికి జీతాలు వెనకబడతాయి. దీనికి ఒక కారణం ఉంది. జకాత్ సొమ్ము పేదవాడి హక్కు, దాన్ని అతని చేతికే అప్పగించాలని మన ఉలమాల్లో చాలామంది అంటారు. అందుచేత టీచర్ల జీతం, గది అద్దె, కరెంటు బిల్లు లిల్లాహ్ పద్దు నుంచే రావాలి. ఆ పద్దులో వేసేవారు తక్కువ. దివ్య ఖుర్‌ఆన్ తౌబా సూరాలో జకాత్‌కు చెప్పిన ఎనిమిది పద్దుల్లో దాన్ని వసూలు చేసి పంచేవారి వాటా కూడా ఉంది. ప్రైవేటు సంఘాల సిబ్బందికి అది ఎంతవరకు వర్తిస్తుందో ముఫ్తీ సాహెబ్‌లను అడిగి తెలుసుకోవలసిన విషయం. కానీ ఆ పని చేసేవారిని అల్లాహ్ లెక్కలో చేర్చాడన్న సంగతి మన లెక్కల పుస్తకానికీ తెలియాలి. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇమ్మన్న హదీసు తెలియని దాత మనలో లేడు. అది మేస్త్రీకే కాదు, ట్యూషన్ టీచరుకూ వర్తిస్తుంది.

ఆ అమ్మాయి తిరిగి రాలేదు. ఆమె చెప్పిన మాటలు కమిటీ ముందు పెడితే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత ఒక పెద్దాయన, "ఫొటోలు అడిగింది నేనే" అన్నారు. ఇప్పుడు ట్యూషన్ మగ్రిబ్ నమాజు తరవాత మొదలవుతోంది. దాతలు రావాలంటే ఆదివారాలే, పాఠం లేని వేళే. కొత్తగా చేరిన టీచరమ్మ మొదటి రోజే బీరువా తాళంచెవి ఒకటి తన దగ్గర ఉండాలని అడిగింది. చౌరస్తాలోని తాళాల దుకాణంలో ఇంకొకటి చేయించి ఇచ్చాం.