రంపమునకు కంచె యేల?



గత మాసమున మన తొమ్మిదవ తరగతి బాలుడొకడు మా యొద్దకు వచ్చి, "అయ్యా! ఫెన్సు అనగా కంచె యని నిఘంటువులో నున్నది. రంపమునకు కంచె యేల?" అని యడిగెను. వాని తండ్రి వడ్రంగి. ఆయన ఇతరులు వాడిన రేడియల్ ఆర్మ్ రంపము నొకదానిని కొని తెచ్చెను. దానితో వచ్చిన పుస్తకము ఆంగ్లమున నున్నది. కార్ఖానాలో పనివారి మాట కన్నడము, ఇంటిమాట తెలుగు. ఫెన్సును, స్టాపును అంగడిలో కొనవలెనా, తానే చేసికొనవలెనా యని తండ్రికి సందేహము. చదివి చెప్పవలసిన భారము కొడుకుది. మేము రెండు సాయంకాలములు వానితో కూర్చుండి పుస్తకమును చదివితిమి. పిమ్మట కార్ఖానాకు పోయి పనిని చూచితిమి. అట్లు తెలిసికొన్నది మీకును, మీ తలిదండ్రులకును ఉపయోగపడునని ఈ పాఠమును వ్రాయుచున్నాము.

మొదట యంత్రమును గూర్చి. దీనిని 1922లో అమెరికాలో రేమండ్ డివాల్ట్ అనునతడు కనిపెట్టెను. బల్లకు వెనుక నొక స్తంభము, దానినుండి బల్లమీదికి చాచిన యొక చేయి, ఆ చేతికి వ్రేలాడు మోటారు, మోటారునకు గుండ్రని బ్లేడు ఉండును. కొయ్య కదలక బల్లపై నుండును; పనివాడు బ్లేడును తనవైపునకు లాగి కోయును. నేడు చిన్న కార్ఖానాలలో దీనికి మాఱుగా స్లైడింగ్ మైటర్ రంపములు వచ్చినవి. అయినను ఇక్కడ చెప్పు సూత్రము రెంటికిని ఒక్కటియే.

కొయ్య కదలకుండుటకు దాని వీపునకు ఆధారము వలయును. బల్లపై నిలిపిన తిన్నని బద్దయే ఆ ఆధారము. దానినే ఫెన్సు అందురు. మనము దానిని ఆనుబద్ద యందము. పొడవు తప్పకుండ ఆ బద్దకు బిగించు దిమ్మ స్టాపు. దానిని అడ్డుదిమ్మ యందము. ఆనుబద్ద కోణమును కాపాడును. అడ్డుదిమ్మ పొడవును కాపాడును. కాబట్టి కంచె యను మాట బొత్తిగా తప్పు కాదు. కాని కంచెయే చేను మేసినట్లు, వంకర తిరిగిన ఆనుబద్ద పనినంతయు చెఱచును.

తరగతిలో ఊగు బల్లమీద వ్రాయని వారు మీలో నుండరు. దాని కారణమును లెక్క వేసి చూడుడు. రెండు బల్లలకు ఎనిమిది కాళ్లు కావలెను. మొదటి కాలిని రెండవదానిపై నుంచి గీత గీసి, రెండవదానితో మూడవదానిని, ఇట్లు వరుసగా కోసిరనుకొనుడు. పెన్సిలు గీత వలన ప్రతిసారియు 0.5 మి.మీ. పెరిగినచో, ఎనిమిదవ కాలు మొదటిదానికంటె 3.5 మి.మీ. పొడుగగును. అడ్డుదిమ్మను ఒక్కసారి కొలిచి బిగించి, ఎనిమిదింటిని దానికే ఆనించి కోసినచో ఏమగును? బిగించుటలో 0.5 మి.మీ. తప్పు జరిగినను ఎనిమిదియు అదే తప్పుతో సమానముగా నుండును. బల్ల వెంట్రుకవాసి పొట్టి కావచ్చునుగాని ఊగదు. కాళ్లకు కావలసినది సమత్వము.

ఇక ఆనుబద్దను ఎన్నుకొను విధము. బ్లేడు దీనిని కూడ చీల్చుకొని పోవును. కావున బ్లేడు దారిలో ఇనుము గాని మేకు గాని ఉండరాదు. ముప్పాతిక అంగుళపు, అనగా సుమారు 19 మి.మీ. మందముగల ప్లైవుడ్డో, బాగుగ ఎండిన తిన్నని కొయ్యయో చాలును. మోటారు తగులనంత పొట్టిగా నుండవలెను. బ్లేడు చేసిన చీలిక కోత ఎక్కడ పడునో చూపు గుర్తగును. చీలిక వెడల్పైనప్పుడు కొయ్య వెనుక అంచు పెళ్లలు లేచును. అప్పుడు బద్దను మార్చవలెను. గాడిగల అల్యూమినియం బద్దలు అంగడిలో దొరకును. అవి బ్లేడునకు ఇరువైపుల నుండవచ్చును. నడుమ మాత్రము కొయ్యయే ఉండవలెను.

బద్దను అమర్చిన పిదప పరీక్ష చేయవలెను. అంచులు సమాంతరముగా నున్న వెడల్పైన పలకను కోసి, ఒక ముక్కను బోర్లించి, రెంటిని ఒక తిన్నని బద్దకు ఆనించి, కోతలను చేర్చి చూడుడు. సందు లేనిచో కోణము సరి. సందున్నచో అది అసలు తప్పునకు రెట్టింపుగా కనబడును. అందుచే స్వల్పదోషమును కూడ కన్ను పట్టును.

అడ్డుదిమ్మలు ముఖ్యముగా రెండు విధములు. మొదటిది క్లాంపుతో బిగించు కొయ్యదిమ్మ. వ్యయము తక్కువ, పట్టు గట్టి. కాని పొడవు మార్చినప్పుడెల్ల కొలువవలెను. దాని చివర ఒక మరమేకును దిగగొట్టక బిగించినచో, దానిని త్రిప్పి పొడవును కొంచెము కొంచెముగా సవరింపవచ్చును. రెండవది గాడిలో జరుగుచు పైకి మడుచుకొను దిమ్మ. స్కేలును చూచి వెంటనే పొడవు మార్చుకొనవచ్చును. కాని దాని కీలు వదులైనచో కొలత తప్పును. మందము వేరైన బ్లేడును తొడిగినచో స్కేలును మరల సరిచూడవలెను. దిమ్మ యేదైనను దాని క్రింది అంచును కొంచెము చెక్కి సందు విడువవలెను. లేనిచో రంపపు పొట్టు అక్కడ చేరి, ఆ పొట్టు మందమంత కొయ్య పొట్టియగును.

ప్రాణమునకు సంబంధించిన మాట యొకటి కలదు. అడ్డుదిమ్మను బ్లేడునకు ఒక్కవైపుననే పెట్టవలెను. రెండవవైపున తెగిపోవు ముక్క స్వేచ్ఛగా తొలగిపోవలెను. దానికిని అడ్డు పెట్టినచో, తిరుగు బ్లేడునకును దిమ్మకును నడుమ ఇరుకుకొని, బ్లేడును పట్టివేసి, రాయివలె ఎగిరి మీదికి వచ్చును. ఈ రంపము కొయ్యను కొఱుకుచు తానే పనివానివైపునకు దూకవలెనని చూచును. లాగు చేతిని బిగబట్టి దానిని అదుపులో నుంచవలెను. రెండవ చేయి బ్లేడు దారికి 150 మి.మీ. కంటె దగ్గఱ నుండరాదు. బ్లేడును ఆనుబద్ద వెనుకకు చేర్చిన పిదపనే కొయ్యను కదపవలెను. బాలురు పెద్దలు లేక ఈ యంత్రమును ముట్టనే కూడదు.

ఆ వడ్రంగి చేయు పని కుర్చీలు, బల్లలు. ఒకే పొడవు ముక్కలు అనేకము కోయుట. అట్టివానికి ప్లైవుడ్ ఆనుబద్దయు, మరమేకు గల కొయ్యదిమ్మయు చాలునని బాలుడే తీర్మానించి చెప్పెను. తండ్రి ఒప్పుకొనెను. రోజునకు పదిమార్లు పొడవు మార్చువారు మాత్రము గాడిబద్దను కొనుట మేలు.

బాలుడు తన పుస్తకములో ఆంగ్లము, కన్నడము, తెలుగు అని మూడు వరుసలు గీసి పనిముట్ల పేర్లు వ్రాసికొనెను. కార్ఖానా గోడపై "తెగిపోవు ముక్కకు అడ్డు పెట్టరాదు" అని రెండు భాషలలో సుద్దతో వ్రాసెను. పనివారు ఎవరి భాషలో వారు చదువుకొనుచున్నారు. మీ యిండ్లలో జరుగు వృత్తుల మాటలను కూడ ఇట్లే వ్రాసి తెండు. వానిని ఈ పత్రికలో ప్రకటింతుము.