ఒకే పెట్టె, వందల ఉత్తరాలు

దోహాలో చాలాకాలం పాటు ఇంటి గుమ్మం దాకా ఉత్తరం తెచ్చి ఇచ్చే ఏర్పాటు లేదు. ఎవరికి ఉత్తరం రావలసినా పి.ఓ. బాక్స్ నంబరుకే రావాలి. స్వంత బాక్స్ ఉన్నవారు కొందరే. మిగిలినవారికి కంపెనీ బాక్సే దిక్కు. అమలాపురం నుంచో, జగిత్యాల నుంచో, కడప నుంచో బయలుదేరిన కవరు మీద మనిషి పేరు, కంపెనీ పేరు, ఒక బాక్స్ నంబరు మాత్రమే ఉండేవి. కంపెనీ మందూబ్ సంచి పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్ళి ఉత్తరాలన్నీ తెచ్చేవాడు. అవి క్యాంపులో పేరు పేరునా పంపిణీ అయ్యేవి. పోస్టాఫీసు లెక్కలో ఆ వందల మందీ కలిసి ఒక్క నంబరు.

ఇంటర్నెట్‌లో ఈనాడు జరుగుతున్నదీ ఇదే. 1981లో స్థిరపడిన నిబంధనల ప్రకారం నెట్‌వర్క్‌లో ప్రతి యంత్రానికీ 32 బిట్ల చిరునామా ఉంటుంది. అటువంటి చిరునామాలు మొత్తం 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. ఆనాడు అది తరగని నిధిలా కనిపించింది. పదేళ్ళు తిరిగేసరికి చాలదని తేలిపోయింది. 1994 మే నెలలో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 1631 అనే పత్రం ఒక ఉపాయాన్ని వివరించింది. లోపలి యంత్రాలు ఎన్ని ఉన్నా, వాకిలి దగ్గరి పెట్టె వాటి చిరునామాలను చెరిపి తన చిరునామా ఒక్కటే రాసి పంపుతుంది. జవాబు వచ్చినప్పుడు తన పట్టికలో చూసుకుని ఎవరిది వారికి అందజేస్తుంది. దీనికి నాట్ అని పేరు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గదిలో ఎనిమిది మంది ఒకే వైఫై మీద ఇంటికి మాట్లాడుకుంటున్నారంటే, ఆ గోడ మీది చిన్న పెట్టె వారి మందూబ్ అన్నమాట.

అయితే అవతలి ఒడ్డున ఉన్నవారికి ఈ సంగతి తెలియాలి కదా! తెలియకపోతే ఏమవుతుందో 2006 ముగిసి 2007 మొదలైన రోజులలో ఖతార్ పేరు మీదనే ప్రపంచం చూసింది. వికీపీడియాలో ఒక చిరునామా నుంచి పదే పదే పిచ్చిరాతలు వస్తున్నాయని నిర్వాహకులు దానిని నిలిపివేశారు. ఒక అల్లరివాడిని ఆపుతున్నామనే అనుకున్నారు. అప్పట్లో ఖతార్‌లో ఇంటర్నెట్ సేవ క్యూటెల్ ఒక్కదానిదే (2013 నుంచి దాని పేరు ఊరీడూ). దేశంలోని వెబ్ రాకపోకలు దాదాపు అన్నీ దాని ప్రాక్సీ గుండా ఆ ఒక్క చిరునామాతోనే బయటికి వెళ్ళేవి. వికీపీడియాను చదవటానికి ఎవరికీ అడ్డు రాలేదు; ఖాతా లేకుండా మార్పులు చేయటం, కొత్తగా ఖాతా తెరవటం మాత్రం ఆగిపోయాయి. వికీపీడియా ఒక దేశాన్నే వెలివేసిందన్న వార్తలు పుట్టాయి. అది అతిశయోక్తి, కొద్ది గంటలలోనే ఆ అడ్డు తొలగించారు.

ఆ నిర్వాహకుల మనసులో ఉన్నది ఒక చిన్న ఊహ: ఒక చిరునామా అంటే ఒక మనిషి. మనుషులు చేసిన పొరపాటు కనుక మనుషులే త్వరగా దిద్దుకోగలిగారు. ఇదే ఊహ యంత్రం గర్భంలో, ఎవరి కంటా పడని చోట, ప్రోగ్రాము రూపంలో కూర్చుంటే? లినక్స్ కెర్నెల్‌లో అటువంటిది పదహారేళ్ళు కూర్చుంది.

కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని మూలభాగం. మనం తెర మీద చూసే ప్రోగ్రాములేవీ నెట్‌వర్క్ కార్డును నేరుగా తాకవు. ఫలానా చోటికి ఈ సమాచారం పంపమని కెర్నెల్‌ను అడుగుతాయి. సమాచారాన్ని ముక్కలు చేయటం, వరుస సంఖ్యలు వేయటం, దారిలో పోయిన వాటిని మళ్ళీ పంపటం, వచ్చిన వాటిని వరుసలో పేర్చటం అన్నీ అక్కడే జరుగుతాయి. ఆ నియమావళి పేరు టి.సి.పి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ కెర్నెల్ ఇప్పుడు ప్రపంచంలోని సర్వర్లలో పెద్ద భాగాన్నీ, ప్రతి ఆండ్రాయిడ్ ఫోనునూ నడుపుతున్నది. అందువల్ల అందులోని ఒక్క వాక్యం తప్పయితే ఆ తప్పు ఎవరి ఇంట్లో బయటపడుతుందో రాసినవారికి తెలిసే అవకాశం తక్కువ.

ఇప్పుడు లోపం దగ్గరికి వద్దాం. దానికి ముందు టి.సి.పి.లో సంభాషణ ముగిసే తీరు తెలియాలి. ఇరువైపులా వీడ్కోలు చెప్పుకున్నాక, ముందుగా వీడ్కోలు చెప్పిన పక్షం వెంటనే లెక్క మూసేయదు. కొంతసేపు కాచుకుని ఉంటుంది. కారణం, దారి తప్పి తిరుగుతున్న పాత ముక్క ఏదైనా ఆలస్యంగా రావచ్చు. క్యాంపులో ఒకరు ఊరికి వెళ్ళిపోయారు. అదే పేరు గలవాడు అదే మంచానికి వచ్చాడు. మొదటివాడికి నెల కిందట వేసిన ఉత్తరం ఇప్పుడు వచ్చి రెండవవాడి చేతిలో పడింది. ఇది జరగకుండా ఉండాలంటే ఆ మంచాన్ని కొన్నాళ్ళు ఖాళీగా ఉంచాలి. ఈ కాచుకునే దశకు టైమ్-వెయిట్ అని పేరు. 1981 నాటి నిబంధన ప్రకారం అది నాలుగు నిమిషాలు. లినక్స్‌లో 60 సెకన్లు.

రద్దీగా ఉండే సర్వర్ మీద ఇలా కాచుకున్న లెక్కలు వేల సంఖ్యలో కనిపిస్తాయి. తానుగా బయటికి కనెక్షన్లు తెరిచే యంత్రానికి ఇది నిజంగానే ఇబ్బంది. లినక్స్ అందుకు మామూలుగా వాడే పోర్టులు 32768 నుంచి 60999 వరకు, అంటే 28,232. ఒక్కొక్కటి 60 సెకన్లు ఖాళీగా ఉండాలంటే, ఒకే గమ్యానికి సెకనుకు సుమారు 470 కనెక్షన్లు మించి తెరవటం కుదరదు. కాని వచ్చినవారికి జవాబిచ్చే సర్వర్‌కు ఈ బాధ లేదు. అక్కడ ఆ లెక్కలు కాస్త జ్ఞాపకశక్తిని మాత్రమే తింటాయి. ఈ తేడా గ్రహించని నిర్వాహకులు పట్టికలో వేల వరుసలు చూసి కంగారు పడటం పరిపాటి అయింది.

కంగారుకు మందు సిద్ధంగానే ఉంది. 1992 మే నెలలో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 1323 ప్రతి ముక్క మీదా పంపినవారి గడియారపు అంకెను ముద్రించే పద్ధతిని ప్రవేశపెట్టింది. అదే పత్రం అనుబంధంలో మరొక సూచన ఉంది. ఒక చిరునామా నుంచి చివరగా వచ్చిన అంకెను గుర్తుపెట్టుకుంటే, అంతకన్నా చిన్న అంకెతో వచ్చినది పాత ముక్క అని పారవేయవచ్చు. అప్పుడు అంతసేపు కాచుకోనక్కరలేదు. 2001 జనవరిలో విడుదలైన లినక్స్ 2.4లో ఈ సూచన ఒక మీటగా అమలైంది. దాని పేరు టి.సి.పి.-టి.డబ్ల్యు.-రీసైకిల్. మామూలుగా ఆ మీట ఆపి ఉండేది. సర్వర్ వేగం పెంచుకునే చిట్కాల జాబితాలు మాత్రం దానిని వేసుకోమని చెబుతూ వచ్చాయి.

తేదీలు గమనించదగినవి. సూచన 1992 నాటిది. నాట్‌ను వివరించిన పత్రం 1994 నాటిది. సూచన చేసినవారి కాలంలో ఒక చిరునామా వెనుక ఒకే యంత్రం, ఒకే గడియారం ఉండటం సహజం. కనుక అది తప్పుడు ఆలోచన కాదు, హద్దులు దాటించిన ఆలోచన. ఆదర్శ వాయు సమీకరణం కూడా ఇటువంటిదే. అణువులకు పరిమాణం లేదనీ, వాటి మధ్య ఆకర్షణ లేదనీ అది అనుకుంటుంది. మామూలు పీడనాల దగ్గర ఆ ఊహ చక్కగా సాగుతుంది. దానినే అక్షరాలా నమ్మితే ఏ వాయువూ ఎన్నటికీ ద్రవం కాకూడదు. రాస్ లఫాన్‌లో సహజవాయువును మైనస్ 162 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవీకరించి ఓడలకు ఎత్తే పనే ఉండకూడదు! 1873లో వాన్ డెర్ వాల్స్ చేసినది ఆ ఊహను దిద్దటమే. లినక్స్ విషయంలో వింత ఏమిటంటే, 2.4 కెర్నెల్‌లోనే నాట్ చేసే భాగమూ ఉంది, నాట్ లేదని ఊహించే ఈ భాగమూ ఉంది. ఒకే ఇంట్లో రెండు గదులు, మధ్య మాటల్లేవు.

ఆ మీట వేస్తే జరిగేది ఏమిటి? యంత్రాల గడియారపు అంకె సాధారణంగా పగటి గంటలను సూచించదు. ఆ యంత్రం వెలిగించినప్పటి నుంచి లెక్కపెడుతుంది. క్యాంపులో ప్రతివాడూ ఉత్తరం మీద తేదీకి బదులు తాను దోహాకు వచ్చి ఎన్ని రోజులైందో రాస్తున్నాడనుకుందాం. పదేళ్ళ కిందట వచ్చిన పెద్దాయన 3,650 అని రాస్తాడు. కిందటి వారం వచ్చిన కుర్రవాడు 7 అని రాస్తాడు. రెండు ఉత్తరాలూ ఒకే బాక్స్ నంబరుతో హైదరాబాదులోని ఒక బ్యాంకు గుమాస్తా చేతికి చేరాయి. గుమాస్తా 3,650 చూసి గుర్తుపెట్టుకున్నాడు. వెంటనే అదే బాక్స్ నుంచి 7 వచ్చింది. ఇదేదో ఏళ్ళ కిందటి ఉత్తరమని చెత్తబుట్టలో వేశాడు. కుర్రవాడికి ఏ కబురూ వెళ్ళదు. జవాబు కోసం ఎదురుచూసి అతడు మళ్ళీ రాస్తాడు, మళ్ళీ అదే గతి.

గుమాస్తా జ్ఞాపకం 60 సెకన్ల వరకే పనిచేస్తుంది. పెద్దాయన నిమిషం పాటు మౌనంగా ఉంటే కుర్రవాడి పని జరిగిపోతుంది. లోపాన్ని పట్టుకోవటం కష్టం కావటానికి ఇదే ముఖ్య కారణం. ఒకే గదిలో ఒక ఫోనులో పేజీ తెరుచుకుంటుంది, పక్క ఫోనులో తెరుచుకోదు. కాసేపటికి అదీ తెరుచుకుంటుంది. ఫోను ఆపి వెలిగిస్తే గడియారం మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడుతుంది కనుక సాధారణంగా మేలు కన్నా కీడే ఎక్కువ. పైగా విండోస్ చాలాకాలం ఈ ముద్రను తనంతట తాను వేసేది కాదు. ముద్ర లేని కబురును గుమాస్తా పట్టించుకోడు. కనుక ఆఫీసులోని విండోస్ కంప్యూటర్ మీద పరీక్షించిన ఇంజనీరుకు అంతా సవ్యంగా కనిపిస్తుంది. నింద గోడ మీది పెట్టె మీదకో, టెలిఫోన్ కంపెనీ మీదకో పోతుంది. నిజమైన సాక్ష్యం దూరాన ఉన్న సర్వర్‌లో, గణాంకాల మధ్య ఒక లెక్కింపు సంఖ్యగా మాత్రమే ఉండేది. దానిని వెతకాలని తెలిసినవాడికే అది కనిపిస్తుంది.

ఇక్కడ ఒక వివరం చెప్పాలి. క్యూటెల్ ప్రాక్సీని ఈ జాబితాలో కలపకూడదు. నాట్ లోపలివారి గడియారపు ముద్రను అలాగే బయటికి పోనిస్తుంది. ప్రాక్సీ అయితే తానే కొత్తగా ఉత్తరం రాస్తుంది, తన గడియారాన్నే ముద్రిస్తుంది. వికీపీడియా ఉదంతానికీ కెర్నెల్ లోపానికీ ఉన్న బంధుత్వం ఊహలోనే, యంత్రాంగంలో కాదు.

ఇక సవరణ. అది వచ్చిన దారి అనుకోనిది. గడియారపు ముద్రను చూసి, ఒక యంత్రం ఎంతకాలంగా నడుస్తున్నదో బయటివారు లెక్కకట్టగలరు. చివరిసారి ఎప్పుడు ఆపి వెలిగించారో తెలిస్తే, భద్రతా సవరణలు వేశారా లేదా అన్నదీ ఊహించవచ్చు. ఈ గుట్టు బయటపడకుండా ప్రతి కనెక్షన్‌కూ వేరు వేరు యాదృచ్ఛిక అంకెతో గడియారాన్ని మొదలుపెట్టే మార్పును ఫ్లోరియన్ వెస్ట్‌ఫాల్ రాశారు. అది 2017 ఫిబ్రవరిలో విడుదలైన 4.10 కెర్నెల్‌లో చేరింది. దానితో నాట్ లేని చోట కూడా ఒకే యంత్రం నుంచి వచ్చే అంకెలు పెరుగుతూ పోవటం ఆగిపోయింది. పెద్దాయన కూడా ఒక్కొక్క ఉత్తరం మీద ఒక్కొక్క తోచిన అంకె వేయసాగాడు! ఇక గుమాస్తా గుర్తుకు ఏ అర్థమూ మిగలలేదు. 2017 మార్చిలో సొహెయిల్ హస్సాస్ యెగానే ఆ మీటనూ, చిరునామాల వారీగా అంకెలను దాచే పట్టికనూ తొలగించే సవరణలను పంపారు. నాటి నెట్‌వర్కింగ్ విభాగ నిర్వాహకుడు డేవిడ్ మిల్లర్ వాటిని స్వీకరించారు. 2017 జూలై 2న విడుదలైన 4.12తో ఆ మీట చరిత్రలో కలిసింది.

నాట్‌తో పొసగదని తెలిసి కూడా ఇన్నేళ్ళు ఎందుకు ఉంచారన్న ప్రశ్న సహజం. కెర్నెల్ వర్గంలో టోర్వాల్డ్స్ పట్టుబట్టి నిలిపిన నియమం ఒకటుంది: నడుస్తున్న ప్రోగ్రాములు కొత్త కెర్నెల్ వల్ల చెడకూడదు. మీట మామూలుగా ఆపే ఉంటుంది. నాట్ లేని సొంత నెట్‌వర్క్‌లో దానిని వాడుకునేవారికి అది పనికొస్తూనే ఉంది. కొందరికి హాని చేస్తున్నదని కొందరికి ఉపయోగపడేదాన్ని పీకివేయటానికి ఆ నియమం అడ్డు వస్తుంది. ఎవరికీ పనికిరాకుండా పోయాకనే తొలగించటం సులువైంది. ఈ జాగ్రత్త సమంజసమే అయినా, దాని మూల్యం చెల్లించినవారు ఆ నియమం పేరు కూడా విననివారు. సగం రాత్రి దాకా మేలుకుని, సెలవుకు టికెట్టు కోసం ఒకే పేజీని మళ్ళీ మళ్ళీ నొక్కినవారూ వారిలో ఉండి ఉంటారు.

తొలగించినంత మాత్రాన అన్ని చోట్లా ఒకేసారి పోలేదు. సంస్థలు వాడే లినక్స్ పంపిణీలు ఒక కెర్నెల్‌ను ఎంచుకుని ఏళ్ళ తరబడి దానినే పోషిస్తాయి. రెడ్‌హాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 ఆధారపడినది 3.10 కెర్నెల్ మీద. దాని సాధారణ నిర్వహణ ముగిసినది 2024 జూన్ 30న. అంతవరకు ఆ సర్వర్ల మీద మీట అక్కడే ఉంది, వేసేవారు వేస్తే పనిచేసేది. కొత్త కెర్నెల్‌కు మారిన చోట పాత చిట్కాల జాబితా స్టార్టప్ ఫైలులో మిగిలి ఉంటే, యంత్రం వెలిగిన ప్రతిసారీ అటువంటి ఫైలు లేదని ఒక వరుస ఫిర్యాదు చేసి ముందుకు సాగిపోతుంది.